ఆదుర్రు ప్రదక్షిణ పథం: చంచలమైన మనస్సు, నెమ్మదైన నడకల చరిత్రపై ఒక పరిశీలన

"మోకాళ్ళూనితే చాలండి, మనసు పదిచోట్లకు పోతుందండి" అని విశ్వాసులు తమ సంఘకాపరితో చెప్పుకోవడం కొత్త సంగతి కాదు. కాపరులు ఆ మాట పైకి చెప్పుకోరు గాని, వారి స్థితి కూడా చాలాసార్లు అదే. సాధారణంగా దీనికి మనమిచ్చే జవాబు ఒక్కటే: ఇంకా ఎక్కువ ప్రార్థించండి, ఉపవాసముండండి. ఆ జవాబు తప్పని మేము అనము. అయితే శరీరాన్ని కదలకుండా కూర్చోబెడితే మనస్సు కూడా కదలక కూర్చుంటుందనే ఊహ ఒకటి ఆ జవాబు వెనుక దాగి ఉన్నది. చరిత్రను పరిశీలిస్తే ఆ ఊహకు బలం తక్కువ. నిలువని మనస్సును నిలిపే పనిని పూర్వులు చాలామంది పాదాలకూ చేతులకూ అప్పగించారు. అయితే ఏ కదలికైనా ఆ పనికి చాలునని వారు అనుకోలేదు. దానికి వారు ఒక హద్దు గీశారు. ఆ హద్దు ఏమిటో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనను మామిడికుదురు మండలంలోని ఆదుర్రు నుండి ప్రారంభించడం తగినదని మేము తలంచాము.

ఆదుర్రు దిబ్బ

2022లో ఏర్పడిన డా. బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో, వైనతేయ గోదావరి ఒడ్డున, కొబ్బరితోటల మధ్య ఉన్న గ్రామం ఆదుర్రు. అక్కడి బౌద్ధ స్తూపపు శిథిలాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అశోకుని కుమార్తె సంఘమిత్ర సింహళానికి వెళ్తూ ఈ స్తూపానికి పునాది వేసిందని స్థానికులు చెప్పుకుంటారు. మహావంశం ప్రకారం ఆమె బోధివృక్షపు కొమ్మతో తామ్రలిప్తి రేవు నుండి బయలుదేరింది, కనుక ఈ కథను చరిత్రగా తీసుకోలేము. అలాగని కొట్టిపారేయడమూ తొందరపాటే. మన తీరానికీ సింహళానికీ మధ్య బౌద్ధ భిక్షువుల రాకపోకలు ఉండేవనడానికి గట్టి ఆధారం ఉన్నది. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురిలో, అనగా నాగార్జునకొండలో, సింహళ విహారం ఉండేదని అక్కడి శాసనమే చెబుతున్నది. ఆదుర్రు కథ ఆ రాకపోకలను ఒక రాజకుమార్తె పేరు మీద నిలుపుకున్నది.

స్తూపమంటే లోపలికి వెళ్ళి కూర్చునే మందిరం కాదు. అది నిండుగా కట్టిన గుండ్రని కట్టడం, దానికి లోపలి గది ఉండదు. అక్కడికి వచ్చిన మనిషి చేయగలిగినది దాని చుట్టూ నడవడమే. అమరావతి, నాగార్జునకొండ వంటి ఆంధ్ర స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన ఆయక వేదికలుంటాయి. అవి నడిచేవానిని నాలుగుచోట్ల ఆపి, మరల నడిపిస్తాయి. మనం చర్చిలో ప్రవేశించగానే కూర్చోవడానికి చోటు చూసుకుంటాము గనుక, కూర్చునే చోటే లేని ఆరాధనాస్థలం ఏమి నేర్పుతుందో మనకు వెంటనే తోచదు.

చంక్రమం: అరవై మూరల బాట

ప్రదక్షిణకు తోడుగా బౌద్ధ విహారాలలో మరొక నడక ఉండేది. పాళీలో దానిని చంకమం అన్నారు, సంస్కృతంలో చంక్రమం. ఒక సరళమైన బాటపై ఈ కొస నుండి ఆ కొసకు నడిచి, నిలిచి, తిరిగి నడవడమే అది. దీని ప్రారంభాన్ని గూర్చి వినయపిటకంలోని చుల్లవగ్గం చెప్పే సంగతి చాలా మానవసహజమైనది. వైశాలిలో భక్తులు భిక్షువులకు వరుసగా కమ్మని విందులు పెట్టారట. వాటిని తిని భిక్షువుల ఒళ్ళు పాడైంది. వైద్యుడైన జీవకుడు అది చూచి, వీరికి నడిచే బాటను, ఆవిరి స్నానాల గదిని అనుమతించమని బుద్ధుని కోరాడు. (కోనసీమలో పెళ్ళిళ్ళకూ జ్ఞాపకార్థ కూడికలకూ వరుసగా పిలువబడే దైవజనులకు ఈ జీవకుడు అవసరం లేదని మేము అనలేము.) తరువాత అదే గ్రంథం ఆ బాట కథను ఓపికగా చెబుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉండి కాళ్ళు నొచ్చాయి, చదును చేశారు. నీరు నిలిచింది, ఎత్తు పెంచారు. ఎత్తు నుండి జారిపడ్డారు, చుట్టూ పిట్టగోడ కట్టారు. ఎండా చలీ బాధించాయి, పైకప్పు వేశారు. ఒక సాధన మంత్రాలతో కాక మరమ్మతులతో పెరిగిన వైనం ఇందులో కనబడుతున్నది.

ఆరోగ్యం కోసం వచ్చిన ఈ బాట క్రమంగా మనస్సు కోసమైంది. అంగుత్తర నికాయంలో నడక వల్ల కలిగే ఐదు ప్రయోజనాలు చెప్పబడ్డాయి. దూర ప్రయాణానికి ఓర్పు, శ్రమకు ఓర్పు, ఆరోగ్యం, ఆహారం జీర్ణం కావడం అనేవి మొదటి నాలుగు. నడకలో కుదిరిన ఏకాగ్రత ఎక్కువసేపు నిలుస్తుందన్నది ఐదవది. కూర్చుని సంపాదించిన ప్రశాంతత లేవగానే చెదరిపోవచ్చు, కాళ్ళు కదులుతుండగా సంపాదించినది కాళ్ళతోపాటు వస్తుంది అని దీని భావాన్ని మేము గ్రహిస్తున్నాము.

జాతక అట్టకథకు ఉపోద్ఘాతమైన నిదానకథలో ఈ బాటకు ఉండగల ఐదు దోషాల పట్టిక ఉన్నది. నేల గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉండటం ఒక దోషం. బాట మధ్యలో చెట్టు ఉండటం మరొకటి. పొదలతో కప్పబడి ఉండటం, మరీ ఇరుకుగా ఉండటం తరువాతివి. ఇవన్నీ ఎవరైనా ఊహించగలిగినవే. ఐదవది బాట మరీ వెడల్పుగా ఉండటం. వెడల్పు బాటపై మనస్సు పరుగులు తీస్తుందనీ, ఏకాగ్రత కుదరదనీ ఆ గ్రంథం కారణం చెబుతుంది. కనుక బాట వెడల్పు ఒకటిన్నర మూర, పొడవు అరవై మూరలు, పైన మెత్తని ఇసుక. దీనికి ఉదాహరణగా సింహళంలోని చేతియగిరిలో మహేంద్ర స్థవిరుని చంక్రమాన్ని చూపించారు. ఆయన సంఘమిత్రకు అన్న. ఆదుర్రు ప్రజలు చెల్లెలి కథ చెప్పుకుంటుంటే, పాళీ గ్రంథం అన్నగారి నడకబాట కొలతలు చెప్పడం మాకు ఆసక్తికరంగా తోచింది.

నడకకు వేగపు హద్దు కూడా ఉన్నది. సోణ కోళివీసుడనే సుకుమారుడైన శ్రీమంతుని కుమారుడు భిక్షువై, రాజగృహ సమీపంలోని సీతవనంలో తీవ్రమైన పట్టుదలతో నడిచాడు. అరికాళ్ళు చిట్లి బాటంతా రక్తమయింది. అయినా మనస్సు నిలువలేదు, ఇల్లు జ్ఞాపకం వచ్చింది. గృహస్థుగా ఉన్నప్పుడు అతడు వీణ వాయించేవాడు. బుద్ధుడు ఆ వీణనే గుర్తుచేశాడు: తీగ మరీ బిగించినా, మరీ వదులు చేసినా స్వరం పలకదు గదా అని. తరువాత అతనికి ఒక పొర గల చెప్పులు ధరించే అనుమతి ఇచ్చాడు. రాత్రంతా కేకలు వేసి ప్రార్థించి, గొంతు పోయి, ఉదయాన మరింత కలతతో ఇంటికి వెళ్ళే విశ్వాసిని చూచినప్పుడు సోణుడు మాకు గుర్తుకు వస్తాడు.

7వ శతాబ్దంలో చైనా నుండి వచ్చి నలందలో చదువుకొన్న ఇత్సింగ్ తన గ్రంథంలో నడకకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. భారతదేశంలో భిక్షువులూ గృహస్థులూ ఉదయమూ సాయంకాలమూ సద్దులేని చోట ముందుకూ వెనుకకూ నడుస్తారని, అది రోగాలను తగ్గిస్తుందని వ్రాశాడు. ఆ నడక వేరు, పుణ్యం కోసం చేసే ప్రదక్షిణ వేరు అని కూడా అతడు స్పష్టంగా విడదీశాడు. ఈ విభజన తరువాత మనకు పనికివస్తుంది.

ఐగుప్తు ఎడారిలో తాటాకు

ఇదంతా అన్యమత చరిత్ర, మనకెందుకు అని విద్యార్థులు అడగవచ్చు. కనుక సంఘ చరిత్రలోనికి వద్దాము.

4వ శతాబ్దపు ఐగుప్తు ఎడారి సన్యాసుల ముందున్న సమస్య సరిగ్గా ఇదే. 399లో మరణించిన ఇవాగ్రియస్ మనస్సులో ముసిరే తలంపులను ఎనిమిదిగా వర్గీకరించాడు. వాటిలో మధ్యాహ్నవేళ వచ్చి పడే విసుగును గూర్చి అతని వర్ణన చదివితే నవ్వు వస్తుంది, భయమూ వేస్తుంది. సన్యాసి మాటిమాటికీ బయటకు చూస్తాడు, ప్రొద్దు ఎంత వాలిందో కొలుస్తాడు, ఈ చోటు మంచిది కాదనుకొంటాడు, మరొకచోటికి పోతే బాగుండుననుకొంటాడు. దీనికి ఇవాగ్రియస్ చెప్పిన మందు, గదిని విడిచి పోవద్దన్నదే. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన నియమావళి మొదటి అధ్యాయంలోనే మఠం నుండి మఠానికి తిరిగే సన్యాసులను గట్టిగా ఖండించాడు. పైకి చూస్తే ఇది నడకకు వ్యతిరేకమైన సంప్రదాయమనిపిస్తుంది. బౌద్ధులు నడవమన్నారు, క్రైస్తవులు కూర్చోమన్నారు అని కొందరు తేల్చేస్తారు కూడా. మేము దానితో ఏకీభవించము.

ఎందుకంటే ఎడారి పితరుల సూక్తుల సంకలనంలో మొట్టమొదటి కథ ఇలా ఉన్నది. 356లో మరణించిన అంతోనీ ఒకనాడు అదే విసుగులో, తలంపుల గందరగోళంలో ఉన్నాడు. నేను రక్షింపబడగోరుచున్నాను గాని ఈ తలంపులు నన్ను వదలవు, ఏమి చేయుదునని దేవునికి మొరపెట్టాడు. బయటకు వచ్చి చూస్తే తనవంటి మనిషి ఒకడు కూర్చుని ఆకులతో తాడు అల్లుతున్నాడు, లేచి ప్రార్థిస్తున్నాడు, మరల కూర్చుని అల్లుతున్నాడు, మరల లేస్తున్నాడు. అది దేవదూత అని కథ చెబుతుంది. అంతోనీకి వచ్చిన జవాబు వేదాంత సిద్ధాంతం కాదు. చేతులు ఎలా ఉంచాలో, ఎప్పుడు లేవాలో చూపే ఒక దృశ్యం.

ఇంకొక సాక్ష్యం 5వ శతాబ్దంలో కాసియన్ వ్రాసినది. పౌలు అనే వృద్ధ సన్యాసి పట్టణానికి ఏడు దినముల ప్రయాణమంత దూరంలో ఉండేవాడు. అతడు అల్లినవి సంతకు చేర్చాలంటే వాటి వెలకంటే కిరాయే ఎక్కువ. అయినా ఆకులు కోసుకొని, దినమునకింత అని లెక్క పెట్టుకొని అల్లేవాడు. సంవత్సరాంతానికి గుహ నిండితే నిప్పు పెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అమ్మకానికి కాని పనిని, అమ్ముకునే పనికున్నంత క్రమంగా చేశాడు. హృదయం స్థిరపడటానికి, తలంపులు చెదరకుండటానికి అది అవసరమని కాసియన్ వివరణ.

కనుక ఎడారి పితరులు శరీరాన్ని బిగించి కట్టేయలేదు. దిక్కులేని తిరుగుడును మాన్పించి, గది అనే హద్దులో చేతులకు చిన్న కదలిక ఇచ్చారు. చంక్రమం కూడా దిక్కులేని తిరుగుడు కాదు, అరవై మూరల హద్దులోని కదలిక. కదలిక నెమ్మదిగా ఉండాలి, పదేపదే జరగాలి, దానికి కొస ఉండాలి. ఒకరి నుండి మరొకరు నేర్చుకోకుండానే ఐగుప్తూ భారతదేశమూ ఈ విషయంలో ఒకచోట కలిశాయి. మా వాదన ఇంతవరకే. వారి గమ్యాలు వేరు. భిక్షువు తృష్ణ నశించాలని నడిచాడు, అంతోనీ తనను పిలిచిన దేవునితో మాట్లాడటానికి అల్లాడు.

ఇస్సాకు పొలము

లేఖనములో ఈ విషయానికి చాలా దగ్గరగా వచ్చే వచనం ఆదికాండము 24:63. సాయంకాలం ఇస్సాకు పొలములోనికి ధ్యానానికి వెళ్ళాడని మన తెలుగు బైబిలు. అక్కడి హీబ్రూ క్రియ 'సూఅహ్' పాత నిబంధనలో మరెక్కడా ఈ రూపంలో కనబడదు. లాటిను వల్గేటు దానిని ధ్యానమన్నది. సిరియా భాషలోని పెషిత్తా అదే మాటను నడవడమని అనువదించింది. 1989 నాటి న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ ఆంగ్ల అనువాదం కూడా నడకనే ఎంచుకొన్నది. యూదా రబ్బీలు మాత్రం దానిని ప్రార్థనగా గ్రహించి, సాయంకాల ప్రార్థనను స్థాపించినవాడు ఇస్సాకే అన్నారు. ఒకే మాట ధ్యానమా, నడకా, ప్రార్థనా అని అనువాదకులు రెండువేల సంవత్సరాలుగా తేల్చుకోలేకపోయారు. తల్లిని పోగొట్టుకొని, ఇంకా చూడని పెండ్లికుమార్తె కొరకు కనిపెట్టుకొని ఉన్న ఆ మనిషి పొలంలో మూడూ చేసి ఉండవచ్చునని మా అభిప్రాయం. దీనిని వ్యాకరణంతో రుజువు చేయలేము.

ప్రదక్షిణ అనే మాట వినగానే ఉలికిపడే విశ్వాసులకు కీర్తన 26:6 చూపించవచ్చు. బలిపీఠము చుట్టూ తిరగడాన్ని మన పాత అనువాదకులు సంకోచం లేకుండా ఆ మాటతోనే చెప్పారు. ఇక లూకా 24లో ఎమ్మాయు మార్గం. కలతతో, వాదులాడుకుంటూ నడుస్తున్న ఇద్దరిని ప్రభువు ఆపి కూర్చోబెట్టలేదు. వారి అడుగులో అడుగు కలిపి, ఆమడ దూరం నడిచాడు. బల్ల దగ్గర కూర్చోవడం ఆ తరువాతి సంగతి.

కోనసీమలో ఈ ప్రశ్న బరువు

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషను పనిని ప్రారంభించారు. ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు అప్పటికి లేవు. ఈ లంకల్లో సువార్త తిరిగిందంటే కాలినడకన, పడవ మీదే. పరిచర్య అంటే నడకే అయిన ఆ తరం వారికి ధ్యానపు నడక ప్రత్యేకంగా నేర్పవలసిన అవసరం కలిగి ఉండదు. మోటారు సైకిలుపై ఒకే ఆదివారం మూడు ఆరాధనలు నడిపే నేటి కాపరి సంగతి వేరు.

విశ్వాసుల సంగతి ఇంకా వేరు. మామిడికుదురు పరిసరాల ప్రజలు చూచిన కలతలు చిన్నవి కావు. 1995 జనవరిలో పాశర్లపూడి చమురు బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమలో, దాని చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా మరణించారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఇదే మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. అటువంటి రాత్రిని చూచినవారికి కళ్ళు మూసుకొని నిశ్శబ్దంగా కూర్చోవడమే భయం. కళ్ళు మూస్తే మంట కనబడుతుంది. వారికి కూర్చునే ప్రార్థనను మాత్రమే నేర్పి, అది చేతకాకపోతే విశ్వాసం చాలదన్న సంఘం వారికి మేలు చేయదు. ప్రక్కన నడిచే మనిషి వారికి కావాలి. నిద్ర, ఆకలి పూర్తిగా పోయినవారికి, చనిపోవాలని మాట్లాడేవారికి వైద్యుడు కూడా కావాలి, నడక ఆ స్థానాన్ని తీసుకోదు.

చేతిపని విషయానికి వస్తే కోనసీమకు ఐగుప్తు దూరం కాదు. ఇక్కడ కొబ్బరి డొక్కల పీచుతో తాడు పేనుతారు. ఒకరు చక్రం తిప్పుతుంటే మరొకరు పీచు వదులుతూ మెల్లగా వెనక్కి నడుస్తారు, కొసకు చేరి తిరిగి వస్తారు. చంక్రమమూ అంతోనీ తాడూ ఒకే పాకలో కలిసినట్లుంటుంది. అయితే కూలి కోసం దినమంతా పేనే స్త్రీతో నీది ధ్యానమమ్మా అని చెప్పడం అన్యాయం. ఎంత చేయాలో, ఎప్పుడు ఆపాలో పౌలు తానే నిర్ణయించుకున్నాడు. ఆమెకు ఆ స్వేచ్ఛ లేదు. నెమ్మదైన కదలిక మనస్సుకు విశ్రాంతి కావాలంటే అది తొందరపెట్టేవారు లేని కదలిక అయి ఉండాలి.

విమర్శను కూడా గౌరవించాలి. 1989 అక్టోబరు 15న వాటికన్ విశ్వాస సిద్ధాంత శాఖ క్రైస్తవ ధ్యానంపై ఒక లేఖ విడుదల చేసింది. శరీర సాధనల వల్ల కలిగే హాయిని పరిశుద్ధాత్మ ఆదరణగా పొరబడవద్దని అందులో హెచ్చరించారు. మనం ప్రొటెస్టెంటులమైనా ఆ హెచ్చరిక తీసుకోదగినదే. నడిచి వచ్చినవానికి మనస్సు తేలికైందంటే దేవుడు మాట్లాడాడని అర్థం కాదు, మాట్లాడితే వినగల స్థితి వచ్చిందని మాత్రమే. 2015లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొద్దిమందిపై చేసిన అధ్యయనంలో, చెట్లూ గడ్డీ ఉన్నచోట 90 నిమిషాలు నడిచినవారు తమ బాధలనే తిరిగి తిరిగి తలపోయడం తగ్గింది. రద్దీ రోడ్డు ప్రక్కన నడిచినవారిలో తగ్గలేదు. ఇది విశ్వాసికీ అవిశ్వాసికీ ఒకేలా పనిచేసే సంగతి. ఇత్సింగ్ చేసిన విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. పుణ్యం కోసం నడిచే ప్రదక్షిణను మనం చేయము, అటువంటి పుణ్యం మనకు అక్కరలేదు. ఆరోగ్యం కోసం, మనస్సు కుదుట కోసం నడిచే నడక ఏ మతానికీ సొత్తు కాదు. భోజనం, నిద్ర వలె అది సృష్టిలోని వరం. కెరీతు వాగు నాటి ఏలీయాకు కాకుల ద్వారా రొట్టె పంపిన దేవుడు, బదరీవృక్షము క్రింద చావు కోరుకున్న ఏలీయాను నిద్రపోనిచ్చి, తినిపించి, నడిపించాడు (1 రాజులు 19). మందలించింది ఆ తరువాతే.

ఆచరణలో దీనికి పెద్ద ఏర్పాటు అక్కరలేదు. సాయంకాలం ఎండ తగ్గాక తోటలో రెండు కొబ్బరిచెట్ల మధ్య ముప్పై నలభై అడుగుల దూరం చాలు. ఫోను ఇంట్లో ఉంచి, ఒక చిన్న వాక్యం లేక ఒక పేరు మనస్సులో పెట్టుకొని, కొసకు చేరినప్పుడు ఒక ఊపిరి నిలిచి, తిరగాలి. దుఃఖంలో ఉన్నవారిని ఒంటరిగా పంపకుండా కాపరి గాని, సంఘ పెద్ద గాని తోడు వెళ్ళాలి, మాట్లాడించకుండా. కాలువ గట్టు బాగానే ఉంటుంది గాని వర్షాకాలంలో జారుతుంది. వైశాలి భిక్షువులు బాటపై కప్పు వేసుకున్నట్లు, ఆ నెలల్లో చర్చి వసారా వాడుకోవచ్చు. ఆరాధన లేని రోజుల్లో దానికి తాళం వేయకుండా ఉంచితే చాలు.